ఫాండెంట్ తొడుగు కేకు: పీణ్య ఇళ్ళలో

ఫాండెంట్ అంటే పొడి చక్కెరను లిక్విడ్ గ్లూకోజ్, జెలటిన్, గ్లిజరిన్, కొద్దిపాటి కొవ్వుతో కలిపి చపాతీ పిండిలా పిసికిన ముద్ద. దాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తి, కేకు మీద ఒకే రేకుగా పరిచి, అంచులు సవరిస్తారు. గీతలు, గరుకుదనం లేని నున్నటి పైభాగం దీంతోనే వస్తుంది. పుట్టినరోజులకు, బారసాలలకు, ఓణీల ఫంక్షన్లకు బొమ్మలతో, పట్టుచీర అంచులతో, పేర్లతో చేయించుకునే కేకులు చాలావరకు ఈ తొడుగు వేసినవే. చూసేవారి దృష్టి పైనున్న చక్కెర రేకు మీదే ఉంటుంది కానీ, పని కుదిరేదీ చెడేదీ ఆ రేకు కింద ఉన్న పూతను బట్టి, ఆ రోజు గాలిలో ఉన్న తేమను బట్టి. ఇంట్లో ఫాండెంట్ చేతకాదని వదిలేసినవారిలో చాలామంది తప్పు చేతిది కాదు. తడి క్రీము మీద చక్కెరను పరచడమే ఆ తప్పు.

పీణ్య

బెంగళూరుకు వాయవ్యంగా, తుమకూరు రోడ్డు వెంట విస్తరించిన పారిశ్రామిక వాడ పీణ్య. 1970ల చివరలో రూపు దిద్దుకుంది. అక్కడి పరిశ్రమల సంఘం 1978లో ఏర్పడింది. లేత్ మిషన్లు, ప్రెస్సులు, ప్లేటింగ్ షాపులు, గార్మెంట్ యూనిట్లు కలిసి దేశంలోని పెద్ద చిన్నతరహా పారిశ్రామిక వాడల్లో ఒకటిగా దీన్ని నిలబెట్టాయి. 2014 మార్చి 1న సంపిగె రోడ్డు నుంచి పీణ్య ఇండస్ట్రీ దాకా మెట్రో నడవడం మొదలైంది, మరుసటి ఏడాది నాగసంద్ర వరకు సాగింది. చుట్టూ ఉన్న జాలహళ్ళి, టి. దాసరహళ్ళి కాలనీల్లో కన్నడిగులతో పాటు తెలుగు, తమిళ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 14 శాతం. రాయలసీమ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి రెండో తరం స్థిరపడ్డ ఇళ్ళు ఇక్కడ కొత్త కాదు.

ఇలాంటి కాలనీల్లో ఇంటి నుంచే కేకులు చేసి అమ్మే ఆడవాళ్ళు ఉన్నారు. కేక్ ఆర్డర్ ఫోన్‌లో వస్తుంది, ఓవెన్ వంటగది మూలన ఉంటుంది, డెలివరీ స్కూటర్ మీద సాగుతుంది. ఇంట్లో ఆహారం తయారుచేసి అమ్మాలంటే 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేసుకోవాలి. అమెరికా తెలుగువారికి ఇదే పని వేరే చట్టాల కింద నడుస్తుంది. టెక్సాస్ 2011లో ఇంటి బేకర్లకు చట్టబద్ధంగా దారి ఇచ్చింది, కాలిఫోర్నియాలో అలాంటి చట్టం 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఫ్రిజ్ అవసరం లేని ఆహారానికే ఆ చట్టాలు ముందు చోటిచ్చాయి కాబట్టి బటర్‌క్రీమ్, ఫాండెంట్ కేకులు అక్కడి ఇళ్ళలో నిలదొక్కుకున్నాయి.

పీణ్యకు ఒక ఇబ్బంది ఉంది. తెల్ల ఫాండెంట్ మీద దుమ్ము రేణువు కూడా కనపడుతుంది, ఒకసారి అంటుకుంటే తుడిచినా పోదు. తుమకూరు రోడ్డు వైపు కిటికీ తెరిచి ఉంచి వత్తితే ముద్దలో మసక మచ్చలు తేలుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పీణ్యలో గాలి నాణ్యత కొలిచే కేంద్రం నడుపుతోందంటేనే ఇక్కడి గాలి సంగతి తెలుస్తుంది. అందువల్ల వత్తే గంటసేపు కిటికీలు మూయడం, బల్లను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వడం, ఉన్ని స్వెట్టరు వేసుకోకపోవడం, నూలు బట్టల పోగులు రాలకుండా ఏప్రాన్ కట్టుకోవడం అవసరం. పోగులు అంటుకునేది బట్టల నుంచే ఎక్కువ.

చక్కెర పనికి ఇక్కడి నేపథ్యం

బెంగళూరులో చక్కెరకు రూపం ఇచ్చే విద్య కేకుతో రాలేదు. మకర సంక్రాంతికి ఇక్కడి ఇళ్ళలో నువ్వులు, బెల్లంతో పాటు ఇరుగుపొరుగుకు పంచే సక్కరె అచ్చులు చక్కెర పాకాన్ని చెక్క అచ్చుల్లో పోసి తీసిన బొమ్మలు. తెలుగు నాట పంచదార చిలకలు కూడా ఈ కుటుంబంలోవే. పాకంలో పాల చుక్క వేసి మలినం తీసేయడం, సరైన పాకం రాగానే దాన్ని కలుపుతూ తెల్లబడేదాకా రుద్దడం, గట్టిపడేలోపు అచ్చులో పోయడం ఈ పని తీరు. పాశ్చాత్య మిఠాయి దుకాణాల్లో పోసి పూసే రకం ఫాండెంట్ ఇదే సూత్రం మీద నడుస్తుంది. చక్కెరను 115 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడికించి, చల్లార్చి, చిన్నచిన్న స్ఫటికాలు కట్టేదాకా గరిటెతో మర్దిస్తారు. నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టే దశ అది, అరిసెలకు మన పెద్దవాళ్ళు చూసే ఉండ పాకం.

ఒక తేడా గమనించాలి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. పుస్తకంలో 115 అని ఉంటే పీణ్యలో 112 దగ్గరే దించాలి, ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ ఒక డిగ్రీ తగ్గించాలన్నది లెక్క. థర్మామీటరును నమ్మి 115 దాకా ఉంచినవారి పాకం గట్టిపడి గింజలు కట్టడానికి కారణం ఇదే. చేత్తో ఉండ చూసుకునే పద్ధతిలో ఈ చిక్కు రాదు.

వత్తి కప్పే రకం ఫాండెంట్, అంటే ఈ వ్యాసానికి అసలు విషయం, పాకం లేకుండానే తయారవుతుంది. బంక కలిపిన చక్కెర ముద్దతో గిన్నెలు, బొమ్మలు చేసే పద్ధతి పదహారో శతాబ్దపు యూరప్ పుస్తకాల్లోనే ఉంది. అది ఆరాక రాయిలా బిగుసుకుంటుంది. గ్లూకోజ్, గ్లిజరిన్ కలిపి మెత్తగా ఉంచే నేటి రకం ఇరవయ్యో శతాబ్దంలో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో ఇళ్ళకు చేరి, ఆ తర్వాత బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. అంతవరకూ బ్రిటిష్ పెళ్ళి కేకు మీద గుడ్డు తెల్లసొనతో చేసిన రాయల్ ఐసింగ్ ఉండేది.

భారతదేశంలో కేకు కథ తరచుగా కేరళలోని తలస్సేరి నుంచి మొదలుపెడతారు. 1883లో మాంబళ్ళి బాపు అక్కడ మొదటి క్రిస్మస్ కేకు చేశారని ప్రతీతి. బెంగళూరులో 1809లో ఏర్పడిన కంటోన్మెంట్‌తో బ్రెడ్డు, బిస్కెట్టు వచ్చాయి. చిక్‌పేటలో 1898లో హెచ్.ఎస్. తిరుమలాచార్ మొదలుపెట్టిన బి.బి. బేకరీ నుంచి అయ్యంగార్ బేకరీల వరస నడిచింది. గుడ్డు లేకుండా స్పాంజి, హనీ కేక్ చేయడం వాళ్ళు నగరానికి నేర్పిన విద్య. నీలగిరుల్లో 1905లో పుట్టిన నీల్‌గిరీస్ దుకాణం 1936లో బ్రిగేడ్ రోడ్డుకు వచ్చింది. అక్కడ చక్కెర కళాకారుడిగా పేరుపొందిన సి. రామచంద్రన్ 1970ల మధ్యలో కేకుల ప్రదర్శన మొదలుపెట్టారు. ఆయన నడిపిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బేకింగ్ అండ్ కేక్ ఆర్ట్ మిషన్ రోడ్డులో ఉంది. ఏటా డిసెంబరులో జరిగే ఆ వార్షిక కేక్ షో 2024లో యాభయ్యోది అయింది. యు.బి. సిటీ ఎదురుగా సెయింట్ జోసెఫ్స్ ఇండియన్ హైస్కూల్ మైదానంలో జరుగుతూ వచ్చిన ఈ ప్రదర్శనలో క్వింటాళ్ళ చక్కెరతో గుళ్ళు, చర్చిలు, రాజభవనాలు నిలబెడతారు. తినడానికి కాదు, చూడడానికి. బెంగళూరు పిల్లలకు చక్కెర నుంచి ఏదైనా చేయవచ్చనే నమ్మకం కలిగించినది ఈ మైదానమే అంటే తప్పులేదు.

ముద్ద ఎలా కలపాలి

ఆరు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న గుండ్రటి కేకుకు ఆరు వందల గ్రాముల ఫాండెంట్ సరిపోతుంది. అంత రావడానికి అర కిలో ఐసింగ్ షుగర్, అయిదు గ్రాముల జెలటిన్, ముప్పై మిల్లీలీటర్ల నీళ్ళు, ఎనభై గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్, పది మిల్లీలీటర్ల గ్లిజరిన్, పదిహేను గ్రాముల డాల్డా లేదా తెల్ల షార్ట్‌నింగ్ కావాలి. జెలటిన్‌ను చల్లటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, వేడినీళ్ళ గిన్నె మీద పెట్టి కరిగించాలి, మరిగించకూడదు, మరిగితే దాని పట్టు తగ్గుతుంది. గ్లూకోజ్, గ్లిజరిన్, డాల్డా అందులో కలిసి పలచబడ్డాక, ఐసింగ్ షుగర్ మధ్య గుంట చేసి పోసి కలుపుతూ పోవాలి. తర్వాత చేతులకు డాల్డా రాసుకుని ముద్ద నున్నగా అయ్యేదాకా పిసకాలి. క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి, డబ్బాలో పెట్టి ఒక రాత్రి వదిలేస్తే గింజలు నాని తీగ సాగుతుంది.

ఒక్కో పదార్థం ఒక్కో పని చేస్తుంది. గ్లూకోజ్ చక్కెర స్ఫటికాలు పెద్దవి కాకుండా అడ్డుపడుతుంది. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచి ముద్ద ఎండిపోకుండా కాపాడుతుంది. జెలటిన్ వల మాదిరి అల్లుకుని, వత్తేటప్పుడు రేకు చిరగకుండా ఆపుతుంది. డాల్డా చేతికి, బల్లకు అంటనివ్వదు. ఐసింగ్ షుగర్‌ను మిక్సీలో ఇంట్లో పొడి చేసుకోవచ్చు కానీ అది ఎంత తిప్పినా కాస్త గరుకుగానే ఉంటుంది. కప్పడానికి కొనుక్కోవడమే మేలు, రెండుమూడుసార్లు జల్లించి వాడితే ఇంకా మేలు.

మార్ష్‌మెల్లో కరిగించి ఐసింగ్ షుగర్ కలిపే పద్ధతి సులువైనది, అంగడిలో దొరికే మార్ష్‌మెల్లోల్లో జెలటిన్ ముందే ఉంటుంది కాబట్టి వేరే కలపక్కర్లేదు. ఒక పాలు మార్ష్‌మెల్లోకు రెండు పాళ్ళు చక్కెర లెక్క.

జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. శాకాహారుల ఇంట్లో ఇక్కడే ఆగిపోతారు. అయ్యంగార్ బేకరీల్లో గుడ్డు లేని కేకు కొనుక్కునే కుటుంబానికి జెలటిన్ తొడుగు వేసిన కేకు పంపడం నమ్మకాన్ని చెడగొట్టడమే, అడిగి తెలుసుకోవడం బేకర్ బాధ్యత. దానికి బదులు సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్, మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ అనే పేరుతో దొరికేది వాడతారు. అర కిలో చక్కెరకు రెండు గ్రాముల అగర్ పొడి చాలు. కానీ అది పని చేసే తీరు వేరు. అగర్‌ను మరిగిస్తే తప్ప కరగదు, ఒకసారి గట్టిపడ్డాక 85 డిగ్రీల దాకా మళ్ళీ కరగదు. జెలటిన్ మాత్రం అరచేతి వేడికే మెత్తబడుతుంది. అందుకే అగర్ ముద్ద పిసికినకొద్దీ మెత్తబడదు, లాగితే తెగుతుంది. సి.ఎం.సి. లేదా టైలోజ్ అనే జిగురు పొడి కొద్దిగా కలిపితే సాగే గుణం వస్తుంది. అంగడి ఫాండెంట్లలో జెలటిన్ లేనివి చాలానే ఉన్నాయి, ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి తీసుకోవచ్చు.

కేకు, దాని మీది పూత

మన నగరాల్లో బేకరీ కేకు అంటే పాల కొవ్వు లేని విప్పింగ్ క్రీమ్ కప్పిన స్పాంజి. ఆ క్రీములో నీరు ఎక్కువ. ఫాండెంట్ చక్కెర నీటిని పీల్చుకుని, గంటల్లోనే అడుగున పాకంగా మారుతుంది, రేకు జారి మడతలు పడుతుంది. కాబట్టి బయటి పూతకు విప్పింగ్ క్రీమ్ పనికిరాదు. లోపలి పొరల్లో పెట్టుకోవచ్చు, కానీ చుట్టూ బటర్‌క్రీమ్ గట్టు కట్టి ఆ క్రీమ్ బయటికి పొంగకుండా చూడాలి.

పూతగా రెండు నమ్మకమైనవి ఉన్నాయి. వెన్న ఒక పాలుకు ఐసింగ్ షుగర్ రెండు పాళ్ళు గిలకొట్టిన బటర్‌క్రీమ్ ఒకటి. చాక్లెట్, క్రీమ్ కలిపిన గనాష్ రెండోది. నున్నటి నిలువు అంచులు కావాలంటే గనాష్‌కే ఓటు వేయాలి. నల్ల చాక్లెట్ రెండు పాళ్ళకు క్రీమ్ ఒకటి, తెల్ల చాక్లెట్ అయితే మూడు పాళ్ళకు ఒకటి అన్న లెక్క చల్లటి రోజులకు సరిపోతుంది. ఏప్రిల్‌లో నల్ల చాక్లెట్‌కు కూడా రెండున్నర పాళ్ళు పెంచాలి. మన ఇళ్ళలో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతం కొవ్వు ఉంటుంది, మిగిలినది చాలావరకు నీరే, అందువల్ల చాక్లెట్ ఇంకాస్త ఎక్కువ పట్టించుకోవాలి. గనాష్‌ను రాత్రంతా గది వేడిలో ఆరనిచ్చి, వేరుశనగ ముద్ద మాదిరి పూసేందుకు వీలైన దశలో వాడాలి.

కేకు గట్టిగా ఉండాలి. గుడ్డుతో చేసే బటర్ కేక్, చాక్లెట్ మడ్ కేక్ బరువు మోస్తాయి. కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసిన గుడ్డు లేని కేకు కోసేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది కాబట్టి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, రంపపు కత్తితో పొరలు తీయాలి. నింపి పేర్చాక ఒక తేలికైన పళ్ళెం పైన పెట్టి నాలుగైదు గంటలు కుదరనివ్వడం మరిచిపోకూడదు. ఇది చేయకపోతే, తొడుగు వేసిన మర్నాడు పొరలు దిగి, కేకు నడుము దగ్గర బానపొట్ట బయటకు వస్తుంది. ఎన్నో చక్కటి కేకులు ఈ దశలోనే చెడిపోయాయి, అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

కప్పడం

పని మొదలుపెట్టే ముందు ఎంత వెడల్పు రేకు కావాలో లెక్క వేసుకోవాలి. కేకు వెడల్పుకు రెండు వైపుల ఎత్తు కలిపితే, ఆరు అంగుళాల కేకుకు 6, 4, 4 కలిసి 14 అంగుళాలు. పట్టుకోవడానికి, కోయడానికి చుట్టూ మరో అంగుళం వదిలితే 16 అవుతుంది. కొలత లేకుండా వత్తితే ఒక వైపు చాలక, మళ్ళీ ముద్ద చేసి వత్తాల్సి వస్తుంది, ప్రతిసారీ ఫాండెంట్ ఎండిపోతుంది.

ముద్దను కొద్ది నిమిషాలు పిసికి వేడెక్కించి, మొక్కజొన్న పిండి చల్లిన బల్ల మీద కర్రతో వత్తాలి. మైదా వద్దు, పచ్చి పిండి రుచి మిగిలిపోతుంది. ప్రతి రెండు మూడు వత్తులకూ రేకును పావు వంతు తిప్పి, అడుగు అంటుకోలేదని చూసుకోవాలి. తిరగేయకూడదు. పై ముఖం మీద పిండి పడితే తెల్లటి మరకలు మిగులుతాయి. ఇంట్లో చపాతీ కర్ర సన్నగా, మధ్యలో ఉబ్బుగా ఉంటుంది, దాంతో వత్తితే మధ్య పలచగా, అంచులు మందంగా వస్తాయి. సమంగా ఉండే పొడవాటి గుండ్రటి కర్ర కొనడం అవసరం. రెండు వైపులా 4 మిల్లీమీటర్ల మందం చెక్క పట్టీలు పెట్టి వత్తితే మందం తప్పదు. మూడు మిల్లీమీటర్ల కంటే పలచనైతే కేకు మీది ఎగుడుదిగుళ్ళు కనిపిస్తాయి, అయిదు దాటితే చీలుతుంది, నోటికి మందంగా తగులుతుంది.

కేకు మీది గనాష్ గట్టిపడ్డాక, బ్రష్‌తో నీళ్ళు లేదా పలుచటి చక్కెర నీళ్ళు చెమ్మ తగిలేంతే పూయాలి. రేకును కర్రకు చుట్టి, కేకు అవతలి అంచు నుంచి మన వైపు విప్పుతూ మధ్యకు పరచాలి. మొదట పైభాగాన్ని అరచేతితో, మధ్య నుంచి అంచుల వైపు నిమరాలి, గాలి బయటికి పోతుంది. తర్వాత పై అంచును అంతటా నొక్కి పట్టించాలి. బరువుకు రేకు జారి చిరిగే చోటు ఇదే కాబట్టి ఇక్కడ ఆలస్యం చేయకూడదు. ఆ పైన పక్కలు.

పక్కల దగ్గర కుచ్చిళ్ళు పడతాయి. వాటిని నొక్కేస్తే మడత ముద్ర శాశ్వతంగా ఉంటుంది. ఒక చేత్తో రేకు అంచును కొంచెం బయటికి, కిందికి లాగి కుచ్చిని విప్పి, మరో చేతి అరచేతితో పైనుంచి కిందికి నిమురుతూ రావాలి. ఒక కుచ్చి విప్పగానే పక్కది కనబడుతుంది, టర్న్‌టేబుల్ తిప్పుతూ ఒకదాని వెంట ఒకటి విప్పుకుంటూ పోవాలి. ఎత్తు కేకులకు అడుగున మిగిలే వెడల్పు పెరుగుతుంది కాబట్టి కుచ్చిళ్ళు ఎక్కువవుతాయి, మొదటిసారి ప్రయత్నించేవారు మూడు అంగుళాల ఎత్తుతో మొదలుపెడితే సుఖం. చతురస్రపు కేకులో మూలల్ని ముందు పట్టించాలి, పక్కలు తర్వాత.

అడుగున మిగిలిన అంచును పిజ్జా కట్టర్‌తో, బోర్డుకు ఓ రెండు మిల్లీమీటర్లు పైన కోసి, స్మూదర్ అనే నున్నటి పలక రెండు తీసుకుని, ఒకటి పైన, ఒకటి పక్కన ఆనించి రుద్దితే అంచు నిటారుగా వస్తుంది. బుడగలు కనపడితే సన్నటి సూదిని వాలుగా గుచ్చి గాలి తీసి, వేలితో నిమరాలి. చిన్న చీలికలకు డాల్డా రాసి వేలితో గుండ్రంగా తిప్పుతూ రుద్దితే కలిసిపోతాయి. పెద్ద చీలిక పడితే అతుకు పెట్టే ప్రయత్నం మాని, అక్కడ ఒక పువ్వో, రిబ్బనో నిలబెట్టడం తెలివైన పని. 

ఈ పనికి మొత్తం ఇరవై నిమిషాలకు మించి పట్టకూడదు. అది దాటితే పైముఖం ఆరి, చిన్న చిన్న గీతలు పొడుచుకొస్తాయి, వాటిని పూర్తిగా పోగొట్టడం కష్టం.

తేమ, ఫ్రిజ్

చక్కెర గాలిలోని నీటిని పట్టుకుంటుంది. అందుకే ఒకే చేతి పని ఊరిని బట్టి వేరే ఫలితం ఇస్తుంది. బెంగళూరులో మార్చి మధ్యాహ్నాలు వేడిగా ఉన్నా పొడిగా ఉంటాయి, 33 డిగ్రీలు, 25 శాతం తేమ ఉంటే గాలిలోని తేమ నీరుగా చేరే స్థానం (డ్యూ పాయింట్) పది డిగ్రీల దగ్గర. 28 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న జూలై సాయంత్రం ఆ స్థానం 22 డిగ్రీలు. ఫ్రిజ్ నుంచి 5 డిగ్రీల దగ్గర బయటికి వచ్చిన కేకు ఆ రెండు సందర్భాల్లోనూ చెమటపడుతుంది, కానీ మార్చిలో అది త్వరగా ఆరుతుంది, జూలైలో చుక్కలుగా మారి రంగును కరిగిస్తుంది. విశాఖపట్నం, విజయవాడ ఇళ్ళలో ఏడాదిలో చాలా నెలలు ఇదే కథ, అక్కడ గ్లిజరిన్ తగ్గించి, సి.ఎం.సి. కొంచెం కలిపి, ఎ.సి. గదిలో పని చేస్తారు. పీణ్యలో నవంబరు నుంచి మార్చి దాకా పని మొదలుపెట్టినవారికి అదృష్టం తోడున్నట్టే.

చెమట పట్టిన కేకును తాకకూడదు, గుడ్డతో ఒత్తకూడదు. ఫ్యాన్ కింద పెట్టి అరగంట వదిలేస్తే మెరుపు తగ్గి మళ్ళీ మసక రంగు వస్తుంది. ముందుజాగ్రత్తగా, కేకును అట్టపెట్టెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, బయటికి తీసినప్పుడు పెట్టె మూత తీయకుండా గంటన్నర గది వేడికి రానిస్తే, నీరు కేకు మీద కాక పెట్టె మీద చేరుతుంది. ఫాండెంట్ ముద్దను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు. చక్కెర అంత ఎక్కువగా ఉన్న చోట బూజుకు కావాల్సిన నీరు దొరకదు కాబట్టి గాలి చొరని డబ్బాలో గది వేడిలోనే నెలలపాటు నిలుస్తుంది.

రంగులు

ద్రవ రంగులు ఫాండెంట్‌ను జిగురు చేస్తాయి, జెల్ రంగులే వాడాలి. లేత రంగుకు టూత్‌పిక్ మొనంత చాలు, కొంత సేపు పిసికితే గాని సమంగా కలవదు. ఎరుపు, నలుపు రంగులను ఇంట్లో కలపడం మంచిది కాదు. అంత రంగు వేస్తే ముద్ద పాడవుతుంది, నాలుక రంగు తిరుగుతుంది, రంగులు కూడా మితం దాటుతాయి. ఈ రెండూ కొనుక్కోవడమే మేలు, చాక్లెట్ రంగు కావాలంటే కోకో పొడి కలపవచ్చు, అయితే ముద్ద ఎండుతుంది కాబట్టి డాల్డా మరికొంత రాయాలి. ఊదా, గులాబీ రంగులు ఎండ తగిలితే వాడిపోతాయి, కేకును కిటికీ పక్కన పెట్టకూడదు.

మన దేశంలో ఆహారానికి ఎనిమిది కృత్రిమ రంగుల్ని నిబంధనలు అనుమతించాయి. టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పోంసో 4ఆర్, ఎరిత్రోసిన్, బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్, ఫాస్ట్ గ్రీన్ అనేవి అవి. అనుమతి ఉన్నంత మాత్రాన ఎంతైనా వాడొచ్చని కాదు. 2024 అక్టోబరులో కర్ణాటక ఆహార భద్రత శాఖ బెంగళూరులో 235 కేకు నమూనాలు పరీక్షిస్తే, 12 నమూనాల్లో హాని చేయగల కృత్రిమ రంగులు బయటపడ్డాయని ప్రకటించింది. రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ వంటి రంగు కేకుల మీదే శాఖ దృష్టి పెట్టింది. పిల్లల పుట్టినరోజు కేకుకు ఎంత రంగు కావాలో తేల్చుకునే ముందు ఈ కబురు గుర్తుంచుకోవాలి. బంగారు, వెండి పొడుల్లో కూడా తినదగినవి, అలంకరణకు మాత్రమే అని రెండు రకాలు అమ్ముతారు, చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది చదవకుండా కేకు మీద చల్లకూడదు.

బొమ్మలు

కప్పడానికి వాడే ఫాండెంట్‌తో నిలబడే బొమ్మలు చేస్తే వాలిపోతాయి. పావు కిలోకు ఒక టీస్పూను టైలోజ్ పొడి కలిపి ఒక రాత్రి ఉంచితే ముద్ద గట్టిపడి, చెయ్యి చెప్పిన ఆకారం నిలబెట్టుకుంటుంది. పువ్వు రేకులకు, పట్టుచీర జరీ అంచులకు, గణపతి బొమ్మలకు ఇదే వాడతారు. బొమ్మలను రెండు మూడు రోజుల ముందే చేసి ఆరబెట్టాలి, కేకు కప్పాక హడావిడిగా మొదలుపెట్టకూడదు. అతికించడానికి నీళ్ళలో కొద్దిగా టైలోజ్ నానబెట్టిన జిగురు చాలు. టూత్‌పిక్, తీగ లోపల ఆసరాగా పెట్టినప్పుడు కేకు కోసేవారికి ముందే చెప్పడం తప్పనిసరి. పిల్లలు తినే ముక్కలో పుల్ల విరిగి ఉండటం చిన్న విషయం కాదు.

రుచి

ఫాండెంట్‌ను తినేవారు కొందరు, ఒలిచి పక్కన పెట్టేవారు ఎక్కువమంది. తొడుగు తియ్యదనం నిజంగానే ఎక్కువ, ముద్ద బరువులో ఎనభై శాతం పైచిలుకు చక్కెరే. మందాన్ని 3 మిల్లీమీటర్లకు తగ్గించడం, గనాష్‌లో నల్ల చాక్లెట్ వాడి చేదును జత చేయడం, లోపల మామిడి, నారింజ వంటి పుల్లటి పొర పెట్టడం రుచికి తూకం తెస్తాయి. పిస్తా, ఏలకులు, రోజ్ ఎసెన్స్ వంటివి ముద్దలోనే కలుపుకోవచ్చు. వెనిలా ఎసెన్స్ ముదురు రంగుది కాకుండా తెల్లటిది వాడితే తెల్ల ఫాండెంట్ పసుపురంగుకు తిరగదు.

కోసేటప్పుడు కత్తిని వేడినీళ్ళలో ముంచి తుడిచి, ఒక్కో ముక్కకు మళ్ళీ తుడవాలి, లేకపోతే పైన ఉన్న రేకు పగిలి పక్కలకు జారుతుంది. ఆరు అంగుళాల గుండ్రటి కేకును అంగుళం మందం, రెండు అంగుళాల పొడవున్న ముక్కలుగా కోస్తే పన్నెండు వస్తాయి. గనాష్ పూతతో, పండు, క్రీమ్ లేని నింపుడుతో చేసిన కేకు చల్లటి గదిలో మూడు రోజులు నిలుస్తుంది. తాజా పండ్లు, పాల క్రీమ్ లోపల ఉంటే మొదటి రోజు నుంచే ఫ్రిజ్‌లో ఉంచాలి. కోసేసిన అంచుల ఫాండెంట్‌ను పిండి తుడిచి, ముద్ద చేసి, క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి వేరే డబ్బాలో పెట్టుకుంటే తర్వాతి కేకు బొమ్మలకు పనికొస్తుంది. గనాష్ అంటిన ముక్కలు మాత్రం వేరుచేసి పారేయాలి.